మైనస్ పదినెట్టు

రాత్రి ఒంటిగంటా నలభై.
వేళచ్చేరిలో వాన, ఇన్వర్టర్ మీద మూలుగుతున్న ఫ్యాను.
కాశిమేడులో ఐస్ ఫ్యాక్టరీ వెనక
మూడో నంబరు గదిలో పదకొండు టన్నుల రొయ్యలు.
ఆ గదిలో చలి ఎంతుందో చూపించే పేజీ
నాకు తలుపు తీయడం లేదు.

తాళం బొమ్మ బాగానే ఉంది.
సర్టిఫికెట్‌కి ఇంకా పంతొమ్మిది రోజుల ఆయుష్షు.
పాస్‌వర్డ్ అడిగింది, చెప్పాను, నమ్మింది.
నమ్మి లోపలికి రానిచ్చి
వసారాలో నిలబెట్టి
ఐదువందల రెండు అంది.
అంటే, నేను వాకిట్లో మనిషిని మాత్రమేనమ్మా,
లోపల ఎవరూ పలకడం లేదు, అని.

పలకడం లేదంటే లేరా?
ఉండీ వినబడలేదా?

ఆరోక్యదాస్‌కి ఫోన్ చేశాను.
పళవేర్కాడులో పుట్టినవాడు, తెలుగు వచ్చు,
అంకెలు మాత్రం తమిళంలోనే.
"మూడో గదిలో డయల్ చూసి చెప్తారా అన్నా?"
"అది కంప్యూటర్ చూస్తుంది కదమ్మా?"
"చూస్తోందేమో. నాతో చెప్పడం లేదు."
నవ్వాడు.
చెప్పుల చప్పుడు, రేకుల మీద వాన, గొళ్ళెం ఇనుము.
టార్చి పళ్ళ మధ్య పెట్టుకున్నట్టున్నాడు,
మాట ముద్దముద్దగా వచ్చింది:
"మైనస్ పదినెట్టు."

పద్దెనిమిది.
నా వేళ్ళలోకి నెత్తురు తిరిగొచ్చింది.

పెరటి దారిన, నా తాళంచెవితో,
సొరంగంలోంచి సర్వర్‌లోకి దిగాను.
చూస్తే, కాపలా ప్రోగ్రాం నిక్షేపంలా ఉంది.
నిమిషానికి ఆరుసార్లు చలిని రాసుకుంటోంది.
అడిగితే చెప్తోంది కూడా,
అడిగేవాళ్ళు లోపలే ఉంటే.
లాగ్‌లో మాత్రం ఒకే వాక్యం, నాలుగొందల సార్లు:
కనెక్షన్ రెఫ్యూజ్డ్, కనెక్షన్ రెఫ్యూజ్డ్.

నిన్నటి అప్‌డేట్ తర్వాత అది
నూట ఇరవై ఏడు, సున్నా, సున్నా, ఒకటి
అనే పాత గడప దగ్గరే చెవి ఒగ్గుతోంది.
వెబ్ సర్వర్ పోయి తడుతున్నది
నాలుగు చుక్కలూ పక్కన ఒకటీ ఉన్న కొత్త గడప.
ఇల్లొకటే.
ఒకరు తూర్పు వాకిట్లో తడుతుంటే
ఒకరు పడమటి వాకిట్లో ఎదురుచూస్తున్నారు.
ఆ చుక్కలు పెట్టిన మహానుభావుడెవరా అని చూద్దును కదా,
మూడేళ్ళ కిందటి తేదీ పక్కన
నా పేరే.

చుక్కలు తుడిచాను. పాత అంకెలు వేశాను.
పేజీ వచ్చింది,
పెళ్ళి ఫోటోలా, బిగుసుకుపోయి.
గీత ఉంది, కదలడం లేదు.
ఇంకో రెండు వరుసలు మర్చిపోయాను,
ఒకసారి తెరిచిన దారిని మూయకుండా పట్టుకునేవి.
అవీ రాశాను.
చిన్న పురుగులా కదిలింది గీత.

కదిలాక వెనక్కి జరిపి చూశాను.
నాకు కనబడని ఆ గంటసేపూ
ఒక్క అంకె తప్పలేదు అది.
చదునుగా, చదునుగా, చదునుగా,
ఒంటిగంటా యాభై రెండు దగ్గర ఒక చిన్న మిట్ట.
పదహారున్నర.
కంప్రెసర్ పోతోందేమోనని గుండె జారింది.
కాదు.
అది ఆరోక్యదాస్ తలుపు తీసిన నిమిషం.
నేను అడిగాననే
ఆ కాస్త వెచ్చదనం లోపలికి వెళ్ళింది.

ఫోన్ ఆయనింకా పెట్టెయ్యలేదు.
"అమ్మా, మళ్ళీ చూడాలా?"
"వద్దన్నా, కనిపిస్తోంది."
"నేను కూడా కనిపిస్తున్నానా?"
ఏం చెప్పను.
"కనిపించారన్నా," అన్నాను.

మిట్టకి కారణం రాయమంటుంది పేజీ.
తలుపు తెరిచారు, అని రాశాను.
ఎవరు అన్న గడిలో
ఆయన పేరు సగం కొట్టి, ఆగి, చెరిపి,
నా పేరు వేశాను.

పంతొమ్మిది రోజుల సంగతి
రేపు చూసుకోవచ్చు.